కొండవీటి కోట, కత్తుల బావి: భయపడాల్సింది వేటికి, చూడాల్సింది వేటిని

గుంటూరు వైపు దయ్యాల చోట్ల మాట ఎత్తితే కొండవీడు పేరు రాకుండా పోదు. చీకటి పడ్డాక పైన కత్తుల చప్పుడు వినపడుతుందంటారు. మనుషులెవరూ లేని బురుజు మీద దీపం కదిలిందంటారు. కొండ కింద గోపీనాథస్వామి గుడికి కత్తుల బావి అనే పేరే ఉంది కాబట్టి ఈ మాటలకు ఊతం వెతుక్కోనక్కర్లేదు. ఆ భయం కోసమే సాయంత్రం ఐదింటికి బండి వేసుకుని బయల్దేరే కుర్రకారు చాలామంది. వాళ్లు వెళ్లే వేళా తప్పే, చూసొచ్చే చోటూ తప్పే. అందుకే ఇంత వివరంగా రాయడం.

ముందు మార్కులు చెప్పేస్తే సరిపోతుంది. చరిత్రకు, కట్టడానికి ఐదుకు ఐదు. పైదాకా వేసిన ఘాట్ రోడ్డుకు నాలుగు. పైన ఏర్పాట్లకు రెండున్నర, అదీ కొంచెం ఉదారంగా. ఒంటరిగా, చీకట్లో, నీళ్లు లేకుండా వెళ్లేవాళ్లకు మాత్రం ఈ చోటు సిఫారసు చేయం.

కోట గుంటూరుకు పడమరగా 25 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. యడ్లపాడు మండలం. 2022లో జిల్లాలు విడదీశాక పల్నాడు జిల్లా కిందికి వచ్చింది కానీ, జనం నోట్లో ఇంకా గుంటూరు కొండవీడే. దారులు రెండు. చిలకలూరిపేట వెళ్లే జాతీయ రహదారి మీద బోయపాలెం దాకా పోయి కుడివైపు తిరగడం ఒకటి. నరసరావుపేట రోడ్డున ఫిరంగిపురం మీదుగా రావడం రెండోది. కారుకు మొదటిదే నయం, రోడ్డు వెడల్పు, మలుపులు తక్కువ. బస్సులో వచ్చేవాళ్లకు రెండు రోడ్ల మీదా బస్సులకు కొదవ లేదు. అయితే దిగిన చోట నుంచి కొండ కిందికి, అక్కడి నుంచి పైకి, మళ్లీ వెనక్కి ఆటో ముందే మాట్లాడుకోవాలి. ఒక వైపుకే మాట్లాడుకుంటే పైన చిక్కుకుపోతారు. తిరుగు ప్రయాణానికి అక్కడ ఆటో దొరుకుతుందని నమ్ముకోవద్దు. విజయవాడ నుంచి వచ్చేవాళ్లు గుంటూరు బైపాస్ మీదుగా అదే రహదారి పట్టుకోవచ్చు. ఉదయం ఆరింటికి కొండ కింద ఉండాలంటే నాలుగున్నరకు బయల్దేరాలి.

ఇక కథ. ఈ చోటికి దయ్యాల పేరు తెచ్చింది అదే కాబట్టి దాన్ని సరిగ్గా తెలుసుకునే వెళ్లాలి. కొండవీటి సీమలో డెబ్బై ఇద్దరు దొరలు ఉండేవారట. శ్రీకృష్ణదేవరాయలు ఎంత ప్రయత్నించినా కోట లొంగలేదట. అప్పుడు రామయ భాస్కరుడనే మంత్రి గోపీనాథస్వామి గుడి కట్టించి, ప్రతిష్ఠకు ఆ దొరలందరినీ పిలిచాడట. దర్శనానికి ఒక్కొక్కరినే లోపలికి పంపాడట. లోపలికి వెళ్లినవాడు మళ్లీ బయటికి రాలేదు. కత్తులు నిలిపిన బావిలోకి పోయారని కథ. డెబ్బై ఇద్దరూ అయిపోయేదాకా బయట వరసలో నిలబడ్డవాళ్లకు అనుమానం రాలేదంటారు. తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఇది. గుడి దగ్గర ఎవరిని అడిగినా వాళ్లదైన చేర్పుతో చెబుతారు.

శాసనాలు చెప్పేది వేరు. ఈ కోట కట్టిన రెడ్డి రాజుల రాజ్యం 1424 ప్రాంతానికే ముగిసింది. రాయలు వచ్చేనాటికి కోట ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. ముట్టడి నడిపించింది సాళువ తిమ్మరుసు. కోట పడింది 1515 జూన్ 23న. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు అక్కడే పట్టుబడ్డాడు. ఈ విజయం మాట మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గరి శాసనంలో తిథితో సహా ఉంది. తర్వాత తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీటికి పాలకుడయ్యాడు. అంటే రాయలు గెలిచింది గజపతి సైన్యం మీద, ముట్టడి వేసి. మరి డెబ్బై ఇద్దరు దొరల కథ ఎక్కడి నుంచి పుట్టింది? రాజ్యం పోయినా ఊళ్ల మీద పట్టు వదలని దొరలు ఉండే ఉంటారు. పెద్ద రాజు వచ్చినప్పుడు వాళ్ల అడ్డు తొలగించిన జ్ఞాపకం ఏదో కథగా మిగిలి ఉండొచ్చు. ఇది ఊహే. ఏమైనా గుడి ముందు నిలబడి కథ వినేటప్పుడు ఈ రెండు లెక్కలూ మనసులో ఉంటే వినడం ఇంకా బాగుంటుంది. చాలామంది గైడ్లు, వీడియోలు చేసేవాళ్లు రెంటినీ కలిపేసి, రెడ్డి రాజులనే రాయలు బావిలో చంపించాడని చెప్పేస్తున్నారు. వాళ్ల మధ్య తొంభై ఏళ్ల ఎడం ఉంది.

బావి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. అంతులేని పొడుగును కొండవీటి చాంతాడుతో పోల్చడం మన భాషలో ఉన్నదే. ఆ సామెత పుట్టింది ఈ ఊరి బావుల లోతు వల్లే. కొండ కింద నీళ్లు రాతి పొరల్లో చాలా అడుగున ఉండేవి. చేద దిగాలంటే తాడు మామూలు తాడు కాకూడదు. పిల్లల్ని తీసుకెళ్తే దయ్యం కథ కంటే ముందు ఈ సామెత చెప్పండి, బావి ఎందుకంత లోతు అన్న ప్రశ్న వాళ్లే వేస్తారు.

కొండ మీద నీటి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ తవ్వి తీసిన నీళ్లు కావు, ఆపి నిలిపిన నీళ్లు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడు చెరువులు. చుట్టూ శిఖరాల మీద పడ్డ వాన చుక్క వృథా కాకుండా వీటిలోకి దిగుతుంది. ఎగువ చెరువు నిండితే మిగులు దిగువదానిలోకి పోతుంది. వందల మంది సైన్యం, గుర్రాలు, వంటశాలలు నెలల తరబడి ముట్టడిని తట్టుకోవాలంటే ఆధారం ఈ మూడు చెరువులే. కోటలో మెచ్చుకోవాల్సిన మొదటి కట్టడం ఇదేనని మా అభిప్రాయం. బురుజుల దగ్గర ఫొటోలు దిగి చెరువు కట్ట వైపు చూడకుండా పోయేవాళ్లే ఎక్కువ. కట్ట మీద నిలబడి, నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో ఒక పది నిమిషాలు చూడండి. వాన వెలిసిన వారం రోజుల్లో వెళ్తే పారే దారి కంటికే కనపడుతుంది. ఈ కొండల మీద పడి కిందికి జారిన నీరే కొండవీటి వాగై, అమరావతి పొలాలను ముంచుతూ ఉండవల్లి దగ్గర కృష్ణలోకి చేరుతుంది. పైనున్నవాళ్లు ఆపుకున్న నీళ్లకు, కిందున్నవాళ్లు వద్దనుకునే నీళ్లకు పుట్టిల్లు ఒకటే.

కోట కట్టడం రెడ్డి రాజుల కాలంలో, 14వ శతాబ్దంలో మొదలైంది. ప్రోలయ వేమారెడ్డి పునాది వేస్తే, అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా పనిచేసింది ఈ కొండవీట్లోనే. రాయల తర్వాత 1579లో కుతుబ్‌షాహీల చేతికి, 1752లో ఫ్రెంచివాళ్లకు, 1788లో ఇంగ్లీషువాళ్లకు పోయింది. పాలన గుంటూరుకు దిగిపోయాక కొండ ఖాళీ అయింది. ఖాళీ అయిన చోటే దయ్యాలు చేరతాయి, మన ఊళ్లలో పాడుబడ్డ ఇల్లు ఏదైనా అంతే కదా.

కోటకు కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా అని రెండు ప్రధాన ద్వారాలు. వీటి దగ్గర తొందరపడొద్దు. నిలువు కంబాల్లో కొన్ని ఒకే రాయి. దగ్గరికి వెళ్లి రాయి అంచు మీద చెయ్యి పెట్టి చూడండి. వరసగా, బెత్తెడు ఎడంలో, పళ్లు ఊడిన చిగురులాంటి గుంటలు తగులుతాయి. బండను చీల్చిన గుర్తులు అవి. ఉలితో గూళ్లు తొలిచి, వాటిలో చీలలు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతే బండ ఆ గీత వెంట పగులుతుంది. పగిలిన ముఖాన సగం గూడు ఒక రాయికి, సగం గూడు ఇంకో రాయికి మిగులుతుంది. కొన్ని రాళ్ల మీద గూళ్లు తొలిచి కొట్టకుండా వదిలేసిన వరసలు కూడా ఉంటాయి. పని సగంలో ఎందుకు ఆగిందో తెలియదు కానీ, ఆ కూలివాడి చెయ్యి అక్కడ కనపడినంత దగ్గరగా ఏ రాజూ కనపడడు. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య ఎండ అడ్డంగా పడేటప్పుడైతే ఈ గుర్తులు స్పష్టంగా తేలతాయి, మధ్యాహ్నం అసలు కనపడవు.

ద్వారం దాటాక లక్ష్మీనరసింహస్వామి గుడి, మసీదు, రాతి కంబాల మండపాలు, నెయ్యి నిలవ చేసుకున్న గది అయిన నేతి కొట్టు ఉంటాయి. గోడ శిఖరం వెంట మెలికలు తిరుగుతూ ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోతుంది. బురుజులు 23 అని లెక్క చెబుతారు. జెట్టి బురుజు, నెమళ్ల బురుజు, తారా బురుజు లాంటి పేర్లు ఊళ్లో ఇంకా వాడుకలో ఉన్నాయి. ఒక్కరోజులో అన్నీ చూస్తామనుకోవద్దు. రెండు బురుజులు, మూడు చెరువులు, ద్వారాలు, గుడి, మసీదు, ఇంతవరకే పెట్టుకుంటే నాలుగు గంటలు పడుతుంది. గోడ మొత్తం నడవాలంటే దారి తెలిసిన ఊరి మనిషి తోడు ఉండాల్సిందే. పొదల్లో బాట ఎక్కడికక్కడ తెగిపోతుంది. ఫోను సిగ్నల్ మీద ఆధారపడకుండా మ్యాపు ముందే దింపుకోండి.

ఇప్పుడు భయపెట్టే చప్పుళ్ల సంగతి. వాటిలో ఏదీ అబద్ధం కాదు, వినపడేవన్నీ నిజంగానే వినపడతాయి. పగలంతా ఎండకు కాగిన రాతి గోడ సాయంత్రం చల్లబడేటప్పుడు సందుల్లో సర్దుకుంటుంది, టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. సన్నని రాతి పలక ఊడిపడితే అది ఇనుము మీద ఇనుము పడ్డట్టే మోగుతుంది. కత్తుల కథ తలలో ఉన్నవాడికి అది కత్తే. ద్వారం ఇరుకు, అవతల లోయ వెడల్పు. గాలి వెడల్పు నుంచి ఇరుకులోకి దూరినప్పుడు ఊళ పుడుతుంది. నెమలి కూత దూరం నుంచి పసిబిడ్డ ఏడుపులాగో, ఎవరో కేక వేసినట్టో ఉంటుంది. కప్పు మిగిలిన గదుల్లో గబ్బిలాలు ఉంటాయి, అలికిడికి ఒక్కసారిగా లేచి ముఖం పక్కనుంచి పోతాయి. తాకకుండానే పోతాయి, మీరు వెనక్కి గెంతి పడితేనే దెబ్బ. ఘాట్ రోడ్డు మీద చీకటి వేళ హెడ్‌లైటు వెలుగులో నేల మీద రెండు ఎర్రని నిప్పుకణాలు మెరుస్తాయి. నేల మీదే కూర్చుని పురుగులు పట్టుకునే నైట్‌జార్ అనే పిట్ట కళ్లు అవి. బండి దగ్గరికి వచ్చేదాకా కదలదు, ఆఖరి నిమిషంలో చప్పుడు లేకుండా లేచి మాయమవుతుంది. దాన్ని తప్పించబోయి హ్యాండిల్ తిప్పి పడతారు. పక్కకు కొట్టొద్దు, వేగం తగ్గించండి చాలు.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది గుంతలు. పాత కోటలన్నిటికీ పట్టిన బెడద ఇది, గుప్తనిధుల పిచ్చి. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కోడి, గునపాలతో వచ్చేవాళ్లు మండపాల నేల, విగ్రహాల అడుగు, గోడ మొదలు తవ్వి పోతారు. గుంత పూడ్చరు. వానకు దాని మీద గడ్డి మొలుస్తుంది, పైకి చదునుగా కనపడుతుంది. గడ్డిలో నడిచేటప్పుడు కర్రతో ముందు పొడిచి చూసి అడుగు వేయండి. దయ్యాల కథలను సరదాగా పెంచే ప్రతివాడూ తెలియకుండా ఈ తవ్వకాలకే సాయం చేస్తున్నాడు. రాత్రిపూట అక్కడ దీపం కనపడితే జనం భయపడి ఇంట్లో ఉంటే ఎవరికి లాభం? ఆరు వందల ఏళ్లు నిలిచిన గోడ మొదట్లో మూరెడు గుంత పడితే, తర్వాతి రెండు వానలకు ఆ భాగం కూలుతుంది. ఎక్కడైనా కొత్త తవ్వకం, చల్లిన పసుపు కుంకుమ కనపడితే ఫొటో తీసి కింద సిబ్బందికి చూపించండి. బురుజు చివర నిలబడి దిగే సెల్ఫీ కంటే ఆ ఫొటో కోటకు ఎక్కువ మేలు చేస్తుంది.

రెండోది బావులు, చెరువులు. పాత బావిలోకి ఎంత సులువుగా ఉన్నా దిగొద్దు. ఆకులు కుళ్లిన అడుగున గాలి చెడిపోయి ఉంటుంది. మనిషి కళ్లు తిరిగి పడ్డాక కాపాడబోయినవాడూ అలాగే పడతాడు. చెరువు మెట్ల మీద నాచు ఉంటుంది. కాళ్లు కడుక్కోవాలన్నా ఒకరు పైమెట్టు మీద చెయ్యి పట్టుకుని ఉండాలి. ఈత వచ్చినా దిగొద్దు, అడుగున తీగలు, పడ్డ రాళ్లు ఉంటాయి.

మూడోది పాములు. రాళ్ల సందులు వాటి ఇళ్లు. కనపడని సందులో చెయ్యి పెట్టొద్దు, రాయి తిరగేయొద్దు, చెప్పులతో కాకుండా చీలమండ కప్పే బూట్లతో రండి. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం ఏవీ వద్దు. కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకొచ్చి, 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లడమే. గుంటూరు ప్రభుత్వాసుపత్రి దాకా దూరం తక్కువే కానీ, కొండ దిగడానికే సమయం పోతుంది. అందుకే ఒంటరిగా రావొద్దన్నది. తేనెపట్టు కనపడితే కింద పొగ, సెంటు, కేకలు ఏవీ పనికిరావు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. గుంటూరు ఎండ ఎలాంటిదో గుంటూరు వాళ్లకు చెప్పాలా? మార్చి నుంచి జూన్ దాకా అసలు పెట్టుకోవద్దు, బండ కింద నుంచి కూడా కాలుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పైన తాగునీరు, తిండి, మరుగుదొడ్డి ఉంటాయన్న లెక్కతో రావొద్దు. మార్కులు పోయింది ఇక్కడే. ఆడవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబాలు కొండ కిందనే పనులన్నీ ముగించుకుని ఎక్కడం నయం. ఏ కట్టడం ఎవరి కాలానిదో తెలిపే బోర్డులు కూడా ఇంకా చాలా కావాలి. మొదటిసారి వచ్చినవాడికి నేతి కొట్టుకూ మామూలు గదికీ తేడా ఎలా తెలుస్తుంది? పులిహోర, పెరుగన్నం లాంటివి డబ్బాలో మూత గట్టిగా పెట్టి తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే కోతులు వస్తాయి. చేతిలో సంచి వేలాడదీసుకోకుండా వీపుకు తగిలించుకోవాలి. తెచ్చిన చెత్త తిరిగి కిందికి తీసుకురావాలి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాం.

ఘాట్ రోడ్డు సుమారు 5 కిలోమీటర్లు. స్కూటీ మీద ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కితే మలుపుల దగ్గర ఆగిపోతుంది, గేర్ల బండి మేలు. దిగేటప్పుడు బండి న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగిల్చామనుకునేవాళ్లు సగం దారిలో బ్రేకులు వాసన వచ్చి ఆగుతారు. ఎక్కిన గేరులోనే, అంటే రెండో గేరులోనే దిగండి. ఎత్తు చూసి కళ్లు తిరిగేవాళ్లను లోయ వైపు కూర్చోబెట్టొద్దు.

సమయం ఇలా పెట్టుకోండి. ఆరింటికి కొండ కింద, ఆరున్నరకు పైన, ముందు ద్వారాలు, తర్వాత బురుజులు, ఎండ ముదిరేసరికి చెరువుల దగ్గరి చెట్ల నీడ. పదిన్నరకు దిగడం మొదలుపెడితే పదకొండుకు గోపీనాథస్వామి గుడి. కత్తుల బావిని ముందు చూసి పైకి ఎక్కేవాళ్లకు కోట అంతా ఆ కథ రంగులోనే కనపడుతుంది. పైన గోడ, నీళ్లు, రాయి చూసి దిగి వచ్చాక బావి దగ్గర నిలబడితే, ఆ కథ ఎంత పెద్ద చోటికి ఎంత చిన్న మూలో అర్థమవుతుంది. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఓపిక ఉంటే పక్కనే చెంఘీజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్ద పట్టుకున్న వేణుగోపాలస్వామిని కూడా చూసుకోవచ్చు.

సీతాఫలాల కాలంలో వెళ్తే కొండవీటి కాయలు రోడ్డు పక్కన తట్టల్లో అమ్ముతారు. కళ్లు విచ్చుకుని, కళ్ల మధ్య గీతలు తెల్లబడ్డ కాయలు ఏరుకోండి. మెత్తబడ్డవి వద్దు, గుంటూరు చేరేలోపే సంచిలో నలిగిపోతాయి. గట్టికాయలు బియ్యంలో పెడితే రెండు మూడు రోజుల్లో పండుతాయి.